గీతలక్క ఇల్లు తిరగబడ్డ వైనం

పొద్దున్నే పొయ్యి మీద టీ మరిగేలోపు గీతలక్క పెన్సిళ్ళు చెక్కుకునేది. వంటింటి గడప మీద కూర్చుని, ఒళ్ళో పాత పేపరు పరుచుకుని, బ్లేడుతో ఒక్కో పెన్సిలూ చెక్కుతూ, ఆ రోజు ఎవరి ఇంటి ప్లాను గీయాలో వాళ్ళ కోసం దేవుణ్ణి అడిగేది. "తండ్రీ, ఆ కూరగాయలామె ఇంట్లో కాస్త గాలి ఆడేలా చూడు. మెకానిక్కు తమ్ముడికి ఓపికివ్వు, రోజూ వచ్చి అయ్యిందా అయ్యిందా అని నా ప్రాణం తోడేస్తున్నాడు. ఆఫీసులో వాళ్ళకి తీరికివ్వు." పెన్సిళ్ళన్నీ అయ్యేసరికి ఊళ్ళో సగం మంది సంగతులు దేవుడి చెవిన పడేవి. ఆమె సంగతి మాత్రం పడేది కాదు. తన కోసం ఏదైనా అడగాలంటే దేవుడి దగ్గర కూడా మొహమాటమే ఆ మనిషికి.

"నీ కోసం కూడా ఒక ముక్క అడుక్కోవే" అనేది అత్తగారు మంచం మీంచే.

"ఆయనకి మాత్రం పని లేదా అత్తయ్యా."

"పనున్నవాడికే పని చెప్పాలి. ఖాళీగా కూర్చున్నవాడు చచ్చినా చెయ్యడు."

అత్తగారి మంచం ఆ అద్దె ఇంట్లో నడవలో ఉండేది. గదిలో పట్టక నడవలో వేశారు. అటూ ఇటూ తిరిగేవాళ్ళందరి మోకాళ్ళూ దానికి తగిలేవి. తగిలిన ప్రతివాళ్ళనీ ఆవిడ ఆపి ఒక కబురు చెప్పించుకుని గానీ వదిలేది కాదు. "ఇది మంచం కాదు, టోల్‌గేటు" అనేవాడు కొడుకు.

ఆ కొడుకు తాపీమేస్త్రి. భార్య గీస్తుంది, భర్త కడతాడు. ఊళ్ళో చిన్న చిన్న ఇళ్ళు చాలావాటికి గీత ఆమెదీ, గోడ ఆయనదీ. ఆయన ఆమెని "ఇంజినీరమ్మా" అనేవాడు. ఆమె ఆయన్ని "మేస్త్రిగారూ" అనేది. ఇద్దరూ కాస్త వేళాకోళంగానే అనుకునేవారు గానీ, అందులో గౌరవం కూడా కొంచెం కలిసే ఉండేది.

మున్సిపాలిటీ ఆఫీసుకి ఎదురుగా ఒక జిరాక్సు షాపు, దాని వరండాలో ఒక బల్ల. అదే గీతలక్క ఆఫీసు. పొద్దున బల్లని షాపులోంచి బయటికి మోసుకోవాలి, సాయంత్రం లోపలికి మోసుకోవాలి. గాలి వీస్తే కాగితాల మీద రాళ్ళు పెట్టుకోవాలి. వాన జల్లు కొడితే బల్లతో సహా గోడకి అతుక్కుపోవాలి. అలా ఏళ్ళ తరబడి వీధిలో కూర్చుని ఊరందరికీ గదులు గీసింది. తనకంటూ నాలుగు గోడల మధ్య ఒక బల్ల, ఆ బల్ల రాత్రీ పగలూ ఒకే చోట కదలకుండా ఉండటం, అదీ ఆమె కోరిక.

ఆ బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళ మాటలు వింటే పొద్దు ఎలా గడిచిందో తెలిసేది కాదు. ఊరి పటంలో ఇళ్ళు కట్టుకునే ప్రాంతానికి పసుపు రంగు, మిషన్లూ గోదాములూ పెట్టుకునే ప్రాంతానికి ఊదా రంగు వేశారు. అందుకని జనం వచ్చీ రాగానే, "అక్కా, మాది ఏ రంగు?" అని అడిగేవాళ్ళు, జాతకం చూపించుకున్నట్టు.

"నీది పసుపే. హాయిగా ఇల్లు కట్టుకో."

"మరి మా బావది?"

"అతనిది ఊదా. అక్కడ పిండిమర పెట్టుకోవచ్చు, కాపురం పెట్టకూడదు."

"వాడి కాపురం పిండిమరలాగే ఉంటుంది అక్కా, ఆ రొదకి పక్కన ఎవరూ నిలబడలేరు."

అందరితోనూ ఆమె తగువు మాత్రం ఒకటే, పక్క ఖాళీ. సన్నటి స్థలాల్లో ఇంటికి ఒక పక్కన గోడని హద్దు దాకా కట్టుకోవచ్చు, రెండో పక్క కొంచెం ఖాళీ వదలాలి. ఆ ఖాళీ కూడా పక్కింటివాళ్ళ ఖాళీ ఎటుందో అటే రావాలి. అప్పుడే రెండిళ్ళ మధ్యా గాలి నడుస్తుంది. ఇది ఆ ఊరి నిబంధన. జనానికేమో ఆ ఖాళీని చూస్తే ప్రాణం ఉసూరుమనేది.

కిరాణా కొట్టాయన ఒకరోజు వచ్చి, "అక్కా, మెట్లు ఇల్లు కాదు కదా, ఆ ఖాళీలో మెట్లు వేసుకుంటా" అన్నాడు.

"మెట్లు ఇల్లు కాదు సరే. మెట్ల కింద నువ్వు పెట్టబోయే నూనె డబ్బాలు?"

"అవి నీకెలా తెలుసు?"

"నీ మొహంలో కనపడుతున్నాయి. చూడు అన్నయ్యా, నీ స్థలంలో ఉన్నా ఆ ఖాళీ నీది కాదు. పక్కవాళ్ళ వెలుతురు నీ దగ్గర దాచుకున్నారు, అంతే. దాచుకున్నది తినేస్తే ఎలా?"

ఆయన గొణుక్కుంటూ వెళ్ళి, మర్నాడు ఖాళీ వదిలిన ప్లానుకే ఒప్పుకుని, ఆమె బల్ల మీద ఒక బిస్కెట్ల పొట్లం పెట్టి పోయాడు. ఆ పొట్లం సాయంత్రానికల్లా ఆయన పిల్లల దగ్గరికే తిరిగి చేరింది. గీతలక్కకి ఇవ్వడం తెలుసు, పుచ్చుకోవడం తెలీదు. వానలో ఎవరైనా గొడుగు పట్టబోతే, "నాకు వానంటే ఇష్టం" అని చెప్పి తడుస్తూ పోయేది. ఇంటికొచ్చి తుమ్ముతుంటే, "ఇష్టం ముక్కులోంచి కారుతోంది" అనేది అత్తగారు.

ఇలా ఉండగా దేవుడి దయ వల్ల వాళ్ళకీ ఊరి చివర పసుపు రంగులో ఒక సన్నటి స్థలం కుదిరింది. వీధిలో నిలబడి చూస్తే కుడి పక్క, అంటే సూర్యుడు పొడిచే వైపు, ఒక చిన్న ఇల్లు. అందులో రిటైరైన బస్సు డ్రైవరు బాబాయీ, పిన్నీ ఉండేవారు. ఎడమ పక్క కిటికీ ఒక్కటీ లేని నిలువెత్తు గోడ.

గీతలక్క తన ఇల్లు తను గీసుకుంది. డ్రైవరు బాబాయి వాళ్ళ ఖాళీ ఎటుందో అటే, కుడి పక్కనే, తన ఖాళీ వదిలింది. ఆ ఖాళీ మీదికి అత్తయ్య గది కిటికీ పెట్టింది, పొద్దుటి ఎండ నేరుగా మంచం మీద పడేలా. ఎడమ పక్క ముందు తన బల్ల గది, వెనక వంటిల్లు. మున్సిపాలిటీ వాళ్ళు చూసి ముద్ర వేసిచ్చారు. ముద్ర వేసిన కాగితాన్ని ఆమె రేకు పెట్టెలో పెట్టి తాళం వేసింది.

"సిమెంటు చేతులతో దీన్ని ముట్టుకుంటే ఊరుకోను. మీకు ట్రేసింగు ఇస్తా" అంది భర్తతో.

ట్రేసింగు కాగితం అంటే పల్చగా, అటు గీస్తే ఇటు కనపడే కాగితం. వేరేవాళ్ళకి ఇచ్చేటప్పుడు దాని మీద ఏ గది ఏదో, కొలతలేమిటో అన్నీ రాసిచ్చేది. ఈసారి గీతలు మాత్రం గీసి, పైన ఉత్తరం వైపుకి ఒక బాణం గుర్తు వేసి ఊరుకుంది. మన ఇల్లే కదా, ఏ గది ఎక్కడో ఆయనకి తెలీదా అనుకుంది. ఆయనేమో, నా పెళ్ళాం గీసిన గీత కదా, ఇంక చూసుకునేదేముంది అనుకున్నాడు. ఒకళ్ళ మీద ఒకళ్ళకి అంత నమ్మకం.

ఆ రోజుల్లోనే ఊరికి కొత్త నిబంధనలు వస్తున్నాయని కబురు. సన్నటి స్థలాల్లో ఇకనుంచి రెండు పక్కలా ఖాళీ వదలాలట. దాంతో జనమంతా పాత లెక్కలోనే అనుమతి తెచ్చుకోవాలని గీతలక్క బల్ల మీదికి విరుచుకుపడ్డారు. తన ఇంటి పని చూడటానికి వెళ్ళే తీరిక ఆమెకి చిక్కలేదు.

"రాకు. పునాది గోడలు లేచాక నేనే తీసుకెళ్ళి చూపిస్తా. చూసి నోరెళ్ళబెట్టాలి నువ్వు" అన్నాడు మేస్త్రి.

ఆ మాట మాత్రం ఆయన నిలబెట్టుకున్నాడు.

పునాది గోడలు మోకాలెత్తు లేచి, గదులన్నీ సగం దాకా మట్టితో నిండాక, ఒక పొద్దున్నే తల్లినీ భార్యనీ బండి మీద ఒకరి తర్వాత ఒకరిని చేరవేశాడు. అనుమతిలో ఒక షరతు ఉంది. గోడలు లేపే ముందు ఆఫీసు నుంచి వచ్చి పునాది కొలుచుకోవాలి. ఆ కొలిచే సారు కూడా ఆ రోజే వస్తానన్నాడు. అది పాత నిబంధనలకి ఆఖరి రోజు కూడాను. అయితే ఏం, అంతా సక్రమంగానే ఉందన్న ధీమాతో ముగ్గురి కాళ్ళూ నేల మీద ఆనలేదు.

అత్తగారు మోకాలెత్తు గోడ దాటబోయిన కొడుకుని చేయి పట్టి ఆపింది. "ఎక్కడ పెరిగావురా? గుమ్మంలోంచి రా."

"గుమ్మం ఇంకా పెట్టలేదమ్మా."

"పెట్టబోయే చోటు ఉందిగా. చెప్పులు విప్పు."

మేస్త్రి చెప్పులు విప్పి, లేని తలుపుని రెండు చేతులా తోశాడు.

"కిర్రుమంటోంది. బందులకి నూనె వేయించు" అంది తల్లి.

గీతలక్క నవ్వుతూ లోపలికి వచ్చింది. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని గది గదికీ తిరిగింది. సొంత నేల మీద కాలు పెడితే ఒంట్లో ఏదో చక్కిలిగింత పెట్టినట్టుంది ఆమెకి. మేస్త్రి హాల్లో నిలబడి, లేని స్విచ్చు నొక్కి, లేని ఫ్యాను కింద చొక్కా గుండీ విప్పుకుని "హాయి" అన్నాడు. అత్తగారు తన గదిలోకి వెళ్ళి ఇటుకల దొంతర మీద కూర్చుంది. కూర్చుని కాసేపు అటూ ఇటూ చూసింది.

"ఎండేదిరా?"

"ఏ ఎండమ్మా?"

"పొద్దుటి ఎండ. నా మంచం మీద పడేలా కోడలు గీసింది కదా. అదేమో అదిగో, ఆ పక్క గదుల్లో పడి ఊరికే పోతోంది."

"సూర్యుడు ఇంకా అలవాటు పడలేదమ్మా. కొత్త ఇల్లు కదా."

గీతలక్క హాలు మధ్యలో ఆగిపోయింది. వంటిల్లు ఉన్న వైపు చూసింది. తన బల్ల గది వైపు చూసింది. కుడి చేయి ఎత్తి చూసుకుంది, ఎడమ చేయి ఎత్తి చూసుకుంది.

"మేస్త్రిగారూ, ట్రేసింగు ఏదీ?"

ఇటుకలు అదిమిపెట్టిన చెక్క మీంచి ఆయన దాన్ని తీసిచ్చాడు. ఆమె దాన్ని ఎండకి ఎత్తి పట్టుకుని చూసింది. తిప్పి చూసింది. మళ్ళీ తిప్పింది. ఎటు చూసినా చక్కటి ఇల్లే. ఎటు చూసినా బాణం గుర్తు పైకే ఉంది.

"పునాదికి ముగ్గు పోసినరోజు గాలి వీచిందా?"

"వీచింది. కాగితం ఎగిరిపోతే పరిగెత్తుకెళ్ళి పట్టుకొచ్చా. జాగ్రత్తగా రాళ్ళు కూడా పెట్టా" అన్నాడు ఆయన, మెచ్చుకుంటుందేమో అన్నట్టు.

"ఎగిరొచ్చిన కాగితం బోర్లా పడిందండీ. మనిల్లు మనం అద్దంలో చూసి కట్టుకున్నాం."

చెప్పి ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. ముందు చిన్నగా నవ్వింది, తర్వాత పునాది గోడ పట్టుకుని నవ్వింది, తర్వాత ఆ గోడ మీదే కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "ఊరందరి ఇళ్ళూ సరిగ్గా వచ్చాయి, తండ్రీ" అని ఆకాశం వైపు చూసి మళ్ళీ నవ్వింది. ఆమె నవ్వు చూసి అత్తగారికి నవ్వొచ్చింది. మేస్త్రి మొహం మాత్రం తడిసిన సిమెంటు బస్తాలా అయిపోయింది.

"ఏడవాల్సింది పోయి నవ్వుతారేంటి ఇద్దరూ?"

"ఏడుద్దాం. ముందు ఇది అవనివ్వండి."

నవ్వు తగ్గాక గానీ అసలు సంగతి ఆమెకి తట్టలేదు. ఇల్లు తిరగబడితే పక్క ఖాళీ కూడా తిరగబడింది. ఖాళీ ఇప్పుడు ఎడమ పక్క, కిటికీల్లేని ఆ నిలువు గోడకి ఎదురుగా పడింది. కుడి పక్క గోడేమో నేరుగా హద్దు మీదికి వచ్చింది. అది లేస్తే డ్రైవరు బాబాయి వాళ్ళ కిటికీకి ఎదురుగా ఇటుక గోడే. ఏ మాట చెప్పి కిరాణా కొట్టాయన చేత ఖాళీ వదిలించిందో, ఆ మాట ఇప్పుడు తనకే అడ్డంగా వచ్చి నిలబడింది.

ఆ కిటికీ వైపు చూసేసరికి ఆమెకి ఇంకోటి కూడా కనపడింది. అందులోంచి ఒక నీళ్ళ పైపు బయటికొచ్చి, హద్దు దాటి, వాళ్ళ పునాదిలో నీళ్ళు పోస్తోంది.

"ఇదేంటి?"

"నీళ్ళు" అన్నాడు మేస్త్రి.

"నీళ్ళని తెలుసు. ఎవరి నీళ్ళు? ఎవర్ని అడిగి తీసుకున్నారు?"

"నేనడగలేదు. మొదటిరోజు కుండతో మోస్తుంటే ఆ పైపు దానంతటదే కిటికీలోంచి వచ్చింది. రోజూ పొద్దున్నే వస్తుంది, సాయంత్రం పోతుంది. నీకు చెబితే వద్దంటావని చెప్పలేదు."

గీతలక్కకి తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ ఎవరి నీళ్ళతో ఇటుకలు తడిశాయో, వాళ్ళ కిటికీకే అడ్డంగా ఇప్పుడు గోడ.

అంతలోనే టేపు సారు బండి దిగాడు. ఆఫీసులో ఇళ్ళు కొలిచేది ఆయనే. నడుముకి ఎప్పుడూ టేపు వేలాడుతుంటుంది. మంచి మనిషే గానీ నవ్వడు, నవ్వితే ఎక్కిళ్ళు పట్టుకుంటాయని భయం. ఆయన టేపు తీసి కుడి పక్క కొలిచాడు. ఎడమ పక్క కొలిచాడు. ఫైలు తెరిచి చూశాడు. మళ్ళీ కొలిచాడు.

"అమ్మా, ఈ ఇల్లు మీదేనా?"

"ఇల్లు మాదే సార్. వైపు మాది కాదు" అని గీతలక్క ట్రేసింగుని ఆయన కళ్ళ ముందు అటొకసారి ఇటొకసారి తిప్పి చూపించింది.

టేపు సారు పెదాలు బిగబట్టాడు. బుగ్గలు ఉబ్బాయి. ఆపుకోలేక ఒక్కసారి నవ్వాడు, వెంటనే ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. పక్కింటి కిటికీలోంచి ఒక గాజుల చేయి బయటికొచ్చింది, ఆ చేతిలో మంచినీళ్ళ గ్లాసు. పిన్ని అన్నీ వింటూనే ఉంది మరి. సారు వెళ్ళి అందుకుని తాగాడు.

మేస్త్రి మెల్లగా ఆయన పక్కకి చేరాడు. "సార్, ఇంతకీ ఇల్లు ఇల్లే కదా. చూసీ చూడనట్టు..."

"మీరు కాసేపు ఇటుకలు లెక్కపెట్టుకోండి" అని గీతలక్క ఆయన మాటని అక్కడే తుంచేసింది. "ఊరందరికీ చెప్పిన మాట మనకి చెప్పుకోకపోతే, రేపు ఆ బల్ల దగ్గర ఏ మొహం పెట్టుకుని కూర్చుంటాను? సార్, దారేమైనా ఉందా?"

ఎక్కిళ్ళ మధ్య సారు చెప్పాడు. దారి ఉంది. పక్క ఖాళీ అటు కాక ఇటు రావాలంటే, గోడ ఎవరి కిటికీకి ఎదురొస్తుందో వాళ్ళు ఒప్పుకుని సంతకం పెట్టాలి. మార్చిన ప్లాను, ఆ సంతకం ఈ సాయంత్రం ఆఫీసు మూసేలోపు ఫైల్లో ఉండాలి. రేపటి నుంచి కొత్త లెక్క. రెండు పక్కలా ఖాళీ వదిలితే ఈ స్థలంలో ఇల్లు మిగలదు, రైలు పెట్టె మిగులుతుంది.

"సంతకం రాకపోతే?" అన్నాడు మేస్త్రి.

"పునాది విప్పుకోవాలి. మళ్ళీ వేస్తే కొత్త లెక్కలోనే" అన్నాడు సారు, నేల చూపులు చూస్తూ. "నాకింకో ఇల్లు ఉంది ఈ వీధిలోనే. కొలుచుకుని మళ్ళీ వస్తాను. ఆఫీసు దాకా మీరు పరిగెత్తక్కర్లేదు, కాగితం నాకే ఇవ్వండి." ఆ ఇల్లు ఆయన మర్నాడు కొలవాల్సిందని తర్వాత ఎప్పుడో తెలిసింది. మనుషుల్లో దేవుడు ఇలాగే చడీచప్పుడు లేకుండా తిరుగుతుంటాడు.

గీతలక్క ఇటుకలు మోసే చెక్కని పునాది గోడల మీద అడ్డంగా వేసి, దాని ముందు కూర్చుంది. అత్తగారు కొంగుతో చెక్క మీద దుమ్ము తుడిచింది. ఎప్పుడూ వెంట ఉండే సంచీలోంచి కొత్త ట్రేసింగు తీసి పరుచుకుని ఆమె పెన్సిలు అందుకుంది, ఈసారి మూలమూలకీ రాళ్ళు పెట్టించి.

తిరగబడ్డ ఇల్లు తిరగబడ్డట్టే గీసింది. కుడి పక్క గోడ దగ్గరికొచ్చేసరికి చేయి ఆగింది. తలెత్తి ఆ కిటికీ వైపు చూసింది. పిన్ని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. బాబాయి పక్కనే కుర్చీలో కూర్చుని, అలవాటు పోక, రెండు చేతులూ గాల్లో స్టీరింగు పట్టుకున్నట్టు పెట్టుకుని వీళ్ళ వైపే చూస్తున్నాడు. అర్థమైంది ఆమెకి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాళ్ళకి ఇదే సినిమా. మేస్త్రి తిట్టే తిట్లూ, పాడే పాటలూ, ఇటుకల లారీ వెనక్కి వస్తుంటే డ్రైవరుకి బాబాయి కిటికీలోంచే "రైట్ రైట్" అనడం, అన్నీ.

పెన్సిలు మళ్ళీ కదిలింది. కుడి గోడ హద్దు వెంట తిన్నగా వచ్చి, ఆ కిటికీ ఎదురుగా మాత్రం ఇంట్లోకి వెనక్కి జరిగి, కిటికీ దాటాక మళ్ళీ హద్దు మీదికి వచ్చింది. వెనక్కి జరిగిన చోట, అటు కిటికీకి ఎదురుగా ఇటొక కిటికీ గీసింది. మేస్త్రి భుజం మీంచి తొంగి చూశాడు.

"ఏంటిది, గోడకి పన్ను ఊడినట్టు?"

"ఊడనివ్వండి. పునాది కదపక్కర్లేదు, పైన గోడ ఒక్కటి వెనక్కి కడితే చాలు."

"వెనక్కి జరిగింది ఎవరి గదిలోకో చూసుకున్నావా ఇంజినీరమ్మా? అది నీ బల్ల గది. ఇక అందులో బల్ల అడ్డంగా పట్టదు."

"నిలువుగా వేసుకుంటా."

"నిలువుగా వేస్తే నువ్వు పట్టవు."

"నేనూ నిలువుగానే ఉన్నానుగా" అంది ఆమె. ఆయన ఆమె మొహం చూసి, ఇంకో రాయి తెచ్చి కాగితం అంచున పెట్టాడు.

"నా ఎండ సంగతి?" అంది అత్తగారు.

"మీకు సాయంత్రం ఎండ వస్తుంది అత్తయ్యా. అదీ కొంచెమే, ఆ ఎడమ గోడ పైనుంచి."

"మంచిదే. పొద్దున్నే లేచి ఎండ కాచుకునేంత వయసా నాది."

ప్లాను అయిపోయింది. ఇక అడగాలి. గీతలక్క కాగితం చుట్టి పట్టుకుని డ్రైవరు బాబాయి వాళ్ళ గేటు దాకా వెళ్ళింది. వెనక్కి వచ్చింది. చీర సర్దుకుని మళ్ళీ వెళ్ళింది. గేటు గడియ మీద చేయి వేసి, ఎంతసేపటికీ తియ్యదు. ఊళ్ళో ఎంతమంది గేట్లు తీసిందో, ఎంతమందికి సంతకాలు అడిగిపెట్టిందో లెక్కలేదు. తన కోసం ఒక గేటు తియ్యడం అంత బరువని అప్పుడే తెలిసింది.

"గడియ తుప్పు పట్టలేదమ్మాయ్, తీస్తే వస్తుంది" అన్నాడు లోపల్నుంచి బాబాయి.

వెళ్ళి కిటికీ దగ్గర నిలబడింది. ఆ గదిలో ఒక మంచం, రెండు కుర్చీలు. రెండు కుర్చీలూ కిటికీ వైపే తిరిగి ఉన్నాయి.

"నీళ్ళిచ్చారట. నాకు తెలీదు" అంది.

"తెలిస్తే ఆపేస్తావని మీ ఆయన చెప్పాడు. నీకు సాయం చెయ్యాలంటే ముందు దరఖాస్తు పెట్టుకుని, ముద్ర వేయించుకోవాలటగా."

పిన్ని కిసుక్కున నవ్వింది. గీతలక్క కాగితం విప్పి మంచం మీద పరిచింది. చెప్పడం మొదలుపెడితే మాటలు పెన్సిలు గీతలంత తిన్నగా రాలేదు. ట్రేసింగు ఎగరడం, ఇల్లు తిరగబడటం, గోడ హద్దు మీదికి రావడం, సాయంత్రం, సంతకం, అన్నీ కలగాపులగంగా చెప్పేసింది.

"మీ వెలుతురు కొంచెం తగ్గుతుంది బాబాయ్. ఎదురుగా వెనక్కి జరిపాను గానీ, అటూ ఇటూ గోడ వస్తుంది. కాదంటే కాదనండి, నేనేం అనుకోను. ఒప్పుకుంటే... ఒప్పుకుంటే ఇక్కడ సంతకం కావాలి. నేను అడుగుతున్నాను." ఆఖరి మాట అనేసరికి ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

బాబాయి కళ్ళద్దాలు పెట్టుకుని ప్లాను చూశాడు. ఏం అర్థమైందో ఏమో, చాలాసేపు చూశాడు. "ఈ పన్ను ఊడిన చోట ఏముంటుంది?"

"నా బల్ల. మీ కిటికీకి ఎదురుగా నా కిటికీ."

"అంటే నువ్వు రోజంతా ఇక్కడే కూర్చుంటావా?" అంది పిన్ని.

"కూర్చుంటాను పిన్నీ."

"నీ దగ్గరికి ప్లాన్లకి వచ్చేవాళ్ళు?"

"వాళ్ళూ ఇక్కడికే వస్తారు."

పిన్ని మొగుడి వైపు తిరిగింది. "ఇంకా చూస్తారేంటి, పెట్టండి సంతకం. ఇల్లు కట్టడం అయిపోతే ఇంక ఏం చూడాలా అని రాత్రి బెంగపెట్టుకున్నారుగా. వెలుతురుదేముంది, వెనక తలుపు తీస్తే వస్తుంది. మనుషులు రారు."

బాబాయి కలం తీసుకున్నాడు. బస్సు దిగేముందు కాగితాల మీద పెట్టినట్టు, ఎడమ నుంచి కుడికి ఒకే ఊపున, కింద గీతతో సహా సంతకం పెట్టాడు. ఆ ఇంకో ఇల్లు కొలిచొచ్చి గేటు దగ్గరే తచ్చాడుతున్న టేపు సారు లోపలికి వచ్చి, దాని మీద ముద్ర వేసి, ఫైల్లో పెట్టుకుని, "ఇంక గోడలు లేపుకోవచ్చు" అన్నాడు. ఆ మాట బయట మేస్త్రి చెవిన పడింది. అక్కణ్ణుంచి ఒక కేక, ఆ వెనకే ఇటుకల దొంతర కూలిన చప్పుడు వినపడ్డాయి. సారుకి మళ్ళీ ఎక్కిళ్ళు మొదలయ్యాయి. పిన్ని నీళ్ళ కోసం లేచింది.

పని అయిపోయింది. గీతలక్క మాత్రం కదల్లేదు. అడిగితే ఇంత తేలిగ్గా ఉంటుందా అన్నట్టు, తల తిరిగినట్టు, నవ్వు పెదాల చివర ఆగీ ఆగనట్టు నిలబడింది. కిటికీలోంచి చూస్తే అత్తగారు పునాది గోడ మీద కూర్చుని, కూలిన ఇటుకలు ఏరుతున్న కొడుక్కి చేతులూపుతూ ఏదో చెబుతోంది.

"ఇంకేమైనా ఉందా అమ్మాయ్?" అన్నాడు బాబాయి.

"ఉంది బాబాయ్. ఇంకొక్కటి అడుగుతాను. గోడలు లేచేదాకా, పగలంతా మా అత్తయ్యని మీ కిటికీ దగ్గర ఒక కుర్చీ వేసి కూర్చోనిస్తారా? మా ఆయనకి ఏది కుడో ఏది ఎడమో అరిచి చెప్పే మనిషి ఒకరు కావాలి."